ఎవర్లీ బ్రదర్స్: 1962 తర్వాత పాడినవి కొనాలా, వదిలేయాలా?

వాల్తేరు_పెట్టె
నాన్నగారు పోయాక ఆయన రికార్డుల పెట్టె నా దగ్గరికొచ్చింది. అందులో ఎవర్లీ బ్రదర్స్‌వి నాలుగున్నాయి, అన్నీ 1957-60 మధ్యవే. తెలియనివాళ్ళకి చెప్తాను. అమెరికా అన్నదమ్ములు, కెంటకీ కుటుంబం. అన్న డాన్, తమ్ముడు ఫిల్. ఒకే మైకు ముందు నిలబడి రెండు స్వరాల్లో కలిపి పాడేవాళ్ళు. 'బై బై లవ్', 'వేకప్ లిటిల్ సూసీ' వాళ్ళవే. 1960లో వార్నర్ బ్రదర్స్ కంపెనీకి మారి చేసిన 'కాథీస్ క్లౌన్' అమెరికాలో ఐదు వారాలు, ఇంగ్లండ్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1962 తర్వాత మాత్రం వాళ్ళ పాట ఒక్కటీ అమెరికాలో టాప్ టెన్‌లోకి రాలేదు. అయినా 1973 దాకా ఆల్బమ్‌లు చేస్తూనే ఉన్నారు. ఆ పదేళ్ళవి కొని ఈ పెట్టెలో కలపాలని నా కోరిక. పాత రికార్డులు సేకరించే ఒకాయన "అవి కలిపితే మీ నాన్నగారి పెట్టె పాడుచేసినట్టే" అన్నారు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. మీరేమంటారు?

డల్లాస్_ప్రసాద్
ఆయన సరిగ్గానే అన్నారు. 1963లో కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల బాణీలు. 1965లో వేరేవాళ్ళ సోల్ పాటలు (అమెరికా నల్లజాతివాళ్ళ బాణీ), రాక్ అండ్ రోల్ పాటలు తీసుకుని రెండు ఆల్బమ్‌లు. 1966లో లండన్ వెళ్ళి 'టూ యాంక్స్ ఇన్ ఇంగ్లండ్', అందులో పన్నెండు పాటలుంటే ఎనిమిది హాలీస్ బృందం రాసినవి. 1968లో మళ్ళీ కంట్రీ. ఐదేళ్ళలో ఇన్ని వేషాలు! జనం ఏది వింటే అది పాడదామని పరిగెత్తారు, ఏదీ అందలేదు. ఆ హాలీస్ ఎవరు? చిన్నప్పుడు ఈ అన్నదమ్ముల రికార్డులు విని కలిపి పాడటం నేర్చుకున్న కుర్రాళ్ళు. గురువు వెళ్ళి శిష్యుణ్ణి పాట అడుక్కున్నట్టుంది. మీ పెట్టెలో ఉన్న నాలుగూ చాలు.

తణుకు_రాజు
శిష్యుడు ఇచ్చినప్పుడు తీసుకుంటే తప్పేంటండీ.

లాలాగూడ_గిటార్
ప్రసాద్ గారూ, జాబితా బాగానే రాశారు, ఎందుకలా అయిందో మాత్రం వదిలేశారు. 1961లో వాళ్ళకి మేనేజరు వెస్లీ రోజ్‌తో చెడింది. ఆయనే ఎకఫ్-రోజ్ అనే పాటల ప్రచురణ సంస్థ నడిపేవాడు. వీళ్ళ పెద్ద హిట్లు చాలావరకు రాసిన బూడ్లో బ్రయంట్, ఫెలీస్ బ్రయంట్ దంపతులు ఆ సంస్థవాళ్ళే. డాన్, ఫిల్ కూడా పాటల రచయితలుగా ఆ సంస్థకే ఒప్పందం రాసిచ్చారు. దాంతో బ్రయంట్‌ల పాటలు రావడం ఆగిపోయింది, సొంతంగా రాసుకున్నవి పాడాలన్నా అడ్డే. వంటవాడి దగ్గర బియ్యం లాక్కుని, ఆనక వంట బాగాలేదంటే ఎలా?

అదే ఏడాది చివర్లో ఇద్దరూ అమెరికా సైన్యంలోని మెరైన్ కోర్ రిజర్వులో చేరి ఆరు నెలలు పాటకి దూరమయ్యారు. 1962లో ఇంగ్లండ్ టూరుకి వెళ్తే డాన్ మందుల ప్రభావంతో కుప్పకూలిపోయాడు, ఫిల్ ఒక్కడే టూరు పూర్తి చేశాడు. ఇంగ్లండ్ బృందం బీటిల్స్ అమెరికాలో దిగింది 1964 ఫిబ్రవరిలో. బీటిల్స్ వచ్చి వీళ్ళని ముంచారని అందరూ రాస్తుంటారు, అది తప్పు. అప్పటికే వీళ్ళు దెబ్బతిని ఉన్నారు.

అంత జరిగాక కూడా 1965లో ఇద్దరూ కలిసి రాసుకున్న 'ది ప్రైస్ ఆఫ్ లవ్' ఇంగ్లండ్‌లో రెండో స్థానానికి వెళ్ళింది. మౌత్ ఆర్గాన్, కింద ఆ బరువైన దరువు, పైన ఇద్దరి గొంతులూ కత్తిలా. దాన్ని పరుగు అనకండి.

డల్లాస్_ప్రసాద్
ఆ పాట అమెరికాలో ఏ స్థానంలో ఉందో కూడా రాయండి. హాట్ 100లోకే రాలేదు. సొంత దేశంలో నూరు పాటల్లో ఒకటిగా కూడా నిలవనిదాన్ని హిట్ అనరు.

లాలాగూడ_గిటార్
ఇంగ్లండ్‌లో లక్షల మంది వింటే అది హిట్ కాదా? పాటకి సొంత దేశం, పరాయి దేశం ఏమిటి? మా లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో రేడియో సిలోన్ ఇంగ్లీషు పాటలు విని పెరిగాం మేము. ఆ పాట అమెరికాలో ఎక్కడుందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

డల్లాస్_ప్రసాద్
మీరు విన్నారా లేదా అన్నది విషయం కాదు. హిట్ అన్న మాటకి ఒక అర్థం ఉంది. తెలుగు సినిమా ఇక్కడ ఆడకుండా ఇంకెక్కడో ఆడితే మనం హిట్ అంటామా? అనం.

తణుకు_రాజు
నిర్మాతకి డబ్బులొస్తే అంటాడు.

డల్లాస్_ప్రసాద్
రాజు గారూ, నేను నిర్మాత గురించి మాట్లాడటం లేదు.

స్వరపల్లవి
చార్టులు కాసేపు పక్కన పెడదామా? కర్ణాటక సంగీతం నేర్చుకున్న దాన్ని కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలో చెప్తాను. మన హైదరాబాద్ బ్రదర్స్, మల్లాది సోదరులు కలిసి పాడేటప్పుడు ఇద్దరూ ఒకే స్వరం మీద నిలబడతారు, లేదంటే ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. ఎవర్లీలు అలా కాదు. డాన్ 'స' దగ్గరుంటే ఫిల్ 'గ' దగ్గరుంటాడు, డాన్ 'రి'కి జరిగితే ఫిల్ 'మ'కి జరుగుతాడు. చాలాచోట్ల ఆ దూరం చెడకుండా పాటంతా అలాగే నడుస్తారు. ఫిల్ పాడేది ఒక్కటే విన్నా పూర్తి పాటలాగే ఉంటుంది, డాన్‌ది ఒక్కటే విన్నా అంతే.

వాల్తేరు గారూ, మీరొక పని చేయండి. 'ఐ వండర్ ఇఫ్ ఐ కేర్ యాజ్ మచ్' అని ఒక పాట ఉంది. 1957లో 'బై బై లవ్' రికార్డుకి రెండో వైపు అదే, మీ పెట్టెలో ఉండే ఉంటుంది. అదే పాట 1968లో 'రూట్స్' ఆల్బమ్‌లో మళ్ళీ పాడారు. పక్కపక్కన పెట్టి వినండి. మొదటిదాంట్లో ఇద్దరు కుర్రాళ్ళు గబగబా పాడేసి వెళ్ళిపోతారు. రెండోదాంట్లో నడక బాగా తగ్గించి ప్రతి మాట దగ్గరా ఆగుతారు. మధ్యలో పదకొండేళ్ళు. గొంతుల మధ్య దూరం మాత్రం అక్కడే ఉంది. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. చేయీ చేయీ పట్టుకుని చీకట్లో నడుస్తున్నవాళ్ళలా వినిపిస్తారు నాకు.

వాల్తేరు_పెట్టె
ఉందండీ, నిజంగానే ఉంది! ఇన్నేళ్ళుగా ఆ రికార్డు తిప్పి వినలేదు. ఈ రాత్రి వింటాను.

డల్లాస్_ప్రసాద్
పల్లవి గారు చెప్పిన 1968 పాట నేనూ విన్నాను. ఉన్న పాటని సాగదీసి ఎలక్ట్రిక్ గిటార్లు మోగించారు, అంతే. ఆ రోజుల్లో అందరూ చేసిందే. 'రూట్స్' అప్పుడు అమ్ముడుపోలేదు కూడా. తర్వాతెప్పుడో విమర్శకులు కంట్రీ రాక్‌కి మొదటి అడుగుల్లో అదొకటని రాస్తే మీరంతా మెచ్చుకుంటున్నారు.

ఇలా రెండు స్వరాలు కలపడం, అదే హార్మనీ, దాని గురించి నాకు చెప్పక్కర్లేదు. గుంటూరులో మా చర్చి క్వయర్లో నేనూ మా తమ్ముడూ చిన్నప్పటినుంచీ పాడాం. నేను పాట, వాడు పైన. తర్వాత మా ఇద్దరిదీ ఆర్కెస్ట్రా, పెళ్ళిళ్ళకి పాడేవాళ్ళం. సినిమా పాటలే అయినా పల్లవి దగ్గర వాడు పైస్వరం అందుకునేసరికి భోజనాల దగ్గరున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. 2003 ప్రాంతంలో పెళ్ళివాళ్ళు డీజే అడగడం మొదలైంది. మావాడు నాతో చెప్పకుండా కీబోర్డు అమ్మేసి పెద్ద స్పీకర్లు కొన్నాడు. "అన్నా, ఇంక ఇద్దరు పాడితే ఎవరూ వినరు" అన్నాడు. కాలం మారింది, అభిరుచి మారింది అని చెప్పేవాళ్ళ మాటలు నేను బాగా విన్నాను. దాని వల్ల ఏం పోతుందో చూసినవాణ్ణి.

లాలాగూడ_గిటార్
అదీ సంగతి. ఇంతసేపూ మీరు మీ తమ్ముడి మీద తీర్పు చెప్తున్నారు, పాపం డాన్, ఫిల్ మధ్యలో ఇరుక్కున్నారు. మీ తమ్ముడు ఇల్లు గడవడానికే మారాడేమో ఎప్పుడైనా అడిగారా?

డల్లాస్_ప్రసాద్
మా ఇంటి సంగతి మీకెందుకండీ? ఉదాహరణకి ఒక మాట చెప్తే దాన్ని పట్టుకుని నన్ను పొడుస్తున్నారు. మీరు రేడియోలో విన్నారు, నేను పాడాను. ఆ తేడా తెలుసుకుని మాట్లాడండి.

తణుకు_రాజు
పెద్దవాళ్ళు ఇద్దరూ కాస్త శాంతించండి.

లాలాగూడ_గిటార్
నేను కూడా పాడాను. చెప్పకూడదనుకున్నాను, అడిగారు కాబట్టి చెప్తున్నాను. మా పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ లోకో డ్రైవరు గారు నాకు గిటారు నేర్పారు. వాళ్ళబ్బాయీ నేనూ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారాలు ఎవర్లీ పాటలు పాడేవాళ్ళం. వాడు ఫిల్, నేను డాన్. అప్పటికి క్లబ్బుల్లో హిందీ సినిమా పాటలు మొదలయ్యాయి. అవి కూడా నేర్చుకుందాంరా, మన పద్ధతిలోనే పాడదాం అని వాడు బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. ఎవర్లీ పాటలు తప్ప పాడనన్నాను. ఏడాది తిరక్కుండా మమ్మల్ని పిలిచేవాళ్ళు లేరు. వాళ్ళ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. పాట అలాగే ఉంది, పాడటానికి పక్కన మనిషి లేడు. నేను మారననడం వల్ల నాకు మిగిలింది అది.

అందుకే ఆ ఆల్బమ్‌లంటే నాకు ప్రాణం ప్రసాద్ గారూ. మీరు వేషాలన్నారు. సోల్ పాడినా, లండన్‌లో పాడినా, కంట్రీకి తిరిగొచ్చినా ప్రతి దాంట్లో ఇద్దరూ ఉన్నారు. హిట్లు పోయాక పదకొండేళ్ళు. ఎవరిదారి వాళ్ళు చూసుకోవచ్చు కదా, చూసుకోలేదు. మారాల్సొచ్చింది, కలిసి మారారు.

డల్లాస్_ప్రసాద్
కలిసి మారారంటున్నారు. 1973 జులై 14న కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే వినోద పార్కులో ఏం జరిగింది? ఫిల్ స్టేజి మీద గిటారు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. మిగతాది డాన్ ఒక్కడే పూర్తి చేశాడు. తర్వాత పదేళ్ళు మాటల్లేవు. ఇష్టం లేని పాటలు ఎవరికోసమో పాడుతూ పోతే లోపల ఏదో ఒకటి తెగుతుంది. మొదటి రోజుల్లాగే పాడుకుంటూ చిన్న హాళ్ళలో ఉండిపోయుంటే తెగేది కాదని నా నమ్మకం.

స్వరపల్లవి
1970ల్లో వాళ్ళని స్టేజి మీద జనం అడిగింది పాత హిట్లే కదండీ. కొత్తవి పాడి అలిసిపోయారో, పాతవే మళ్ళీ మళ్ళీ పాడి అలిసిపోయారో ఎలా చెప్పగలం?

లాలాగూడ_గిటార్
1983 సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మళ్ళీ కలిశారు. మరుసటేడు బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ వాళ్ళకోసం ఒక పాట రాసిచ్చాడు, డేవ్ ఎడ్మండ్స్ నిర్మాతగా వాళ్ళ ఆల్బమ్ వచ్చింది. పదేళ్ళు మాటల్లేకపోయినా నోరు తెరవగానే గొంతులు కలిశాయి. అదెలా?

డల్లాస్_ప్రసాద్
2014లో తమ్ముడు పోయాడు. 'కాథీస్ క్లౌన్' ఎవరు రాశారన్నదాని మీద 2017లో డాన్ ఆ తమ్ముడి వారసుల మీద కోర్టుకెళ్ళాడు. గొంతులు కలవడం వేరు.

లాలాగూడ_గిటార్
దీనికి నా దగ్గర జవాబు లేదు.

వాల్తేరు_పెట్టె
రెండు రాత్రులుగా రెండూ వింటున్నాను. 'రూట్స్' ఆర్డరు పెట్టాను. 'టూ యాంక్స్' సంగతి ఇంకా తేల్చుకోలేదు. ప్రసాద్ గారూ, కోపం లేకపోతే ఒక మాట. 'రూట్స్' మొదట్లో ఒక రేడియో ముక్క పెట్టారు, 1952 నాటిది, నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు కలిసి చేసిన కుటుంబ కార్యక్రమం. అది విన్నారా?

డల్లాస్_ప్రసాద్
పాటలకోసం వెతుక్కుంటూ ఆ ముక్క దాటేసేవాణ్ణి. నిన్న రాత్రి విన్నాను, మూడుసార్లు. అప్పటికి డాన్‌కి పదిహేనేళ్ళు, ఫిల్‌కి పదమూడు. నాన్న ఐక్ ఎవర్లీ పిల్లల్ని పరిచయం చేస్తుంటే ఆ గొంతులో గర్వం దాగలేదు.

సోల్ ఆల్బమ్‌ల మీద నా మాట నేను మార్చుకోను. 'ది ప్రైస్ ఆఫ్ లవ్' అమెరికాలో హిట్ కాదు, ఎవరేమన్నా కాదు. లాలాగూడ గారూ, మీ స్నేహితుడి సంగతి తెలియక రేడియోలో విన్నారని తూలనాడాను. తప్పే.

మా నాన్న కూడా ఒకసారి మమ్మల్ని టేపురికార్డరు ముందు కూర్చోబెట్టి క్రిస్మస్ పాట పాడించారు. ముందు ఇద్దరి పేర్లూ వయసులూ ఆయనే చెప్పారు. ఆ క్యాసెట్ గుంటూరులో తమ్ముడి ఇంట్లో ఉంది. పదకొండేళ్ళుగా ఫోన్లు లేవు. నంబరు మారిందో లేదో కూడా తెలియదు.

లాలాగూడ_గిటార్
అక్కడిప్పుడు రాత్రి కదా. ఇక్కడ తెల్లారి ఎనిమిదిన్నర. గుంటూరులో లేచే ఉంటారు.