‘ఉంటర్ డోనర్ ఉంట్ బ్లిట్స్’ పోల్కా: డ్రమ్స్ తీసేస్తే అందులో ఏముంది?

ఫిడేలు_పిచ్చి:
వియన్నా స్వరకర్త యోహాన్ స్ట్రాస్ జూనియర్ 1868లో రాసిన ‘ఉంటర్ డోనర్ ఉంట్ బ్లిట్స్’, అంటే ‘ఉరుములు మెరుపుల’ పోల్కా (జంటగా చేసే హుషారైన డాన్స్‌కి రాసే సంగీతం), ఓపస్ (రచన సంఖ్య) 324 గురించి. మూడు నిమిషాల ముక్క. కచేరీ చివర్లో జనాన్ని ఊపేయాలంటే చాలా ఆర్కెస్ట్రాలు దీన్నే అందుకుంటాయి. నాకైతే ఇది వట్టి హడావుడి. డ్రమ్ము మోగించి, సింబల్స్ బాదితే ఎవరైనా చప్పట్లు కొడతారు. అవి తీసేసి పియానో మీద వాయించండి, మామూలు డాన్స్ ట్యూన్ మిగులుతుంది. స్ట్రాస్ పనితనం చూడాలంటే ఆయన వాల్ట్జులు (మూడు దెబ్బల లెక్కలో నడిచే డాన్స్ రచనలు) వినాలి.

గోదారి_గాలి:
ఆర్కెస్ట్రాకి రాసినదాన్ని పియానో మీద పరీక్షించడమేంటండీ? కారం తీసేసి ఆవకాయ ఎలా ఉందో చెప్పమన్నట్టుంది.

పాత_రికార్డులు:
చిన్న చరిత్ర. ఇది వియన్నాలో హెస్పెరస్ అనే కళాకారుల సంఘం బాల్ డాన్స్ కోసం రాసింది. 1868 ఫిబ్రవరి 16న డయానాబాద్ హాల్లో మొదటిసారి వాయించారు. ముందు అనుకున్న పేరు ‘ఉల్క’. హెస్పెరస్ అంటే సాయంత్రం చుక్క కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయేది. అంటే తుఫానుని వర్ణించాలని కూర్చుని రాసిందే అనుకోనక్కర్లేదు. ముందు ఇది డాన్స్, ఉరుములు ఆ తర్వాత.

ఫిడేలు_పిచ్చి:
నేననేదీ అదే కదా! పైన అంటించిన ఉరుములు.

మృదంగం_మూర్తి:
అంటించినవి కావు. ఇది పోల్కా ష్నెల్, అంటే త్వరిత పోల్కా, 2/4లో, అంటే రెండేసి దెబ్బల లెక్కలో నడుస్తుంది. కింద బేస్ దెబ్బ, వెంటనే సెకండ్ వయొలిన్లు, వయోలాల ఎదురు దెబ్బ. డాన్స్ చేసేవాళ్ల పాదాలకు ఆధారం అదే. డ్రమ్ రోల్‌కి, అంటే డ్రమ్ము మీద ఆపకుండా మోగించే గడగడకి, ఆ దెబ్బలతో పని లేదు, వాటి మీదుగా దొర్లుకుంటూ పోతుంది. లెక్క తప్పని అడుగు ఒకవైపు, లెక్కలేని గర్జన ఇంకోవైపు. పేలుతుందా, నిలబడుతుందా అన్న టెన్షన్ అక్కడ పుడుతుంది. రోల్ తీసేస్తే ట్యూన్ చప్పబడుతుంది, నిజమే. ట్యూన్ తీసేస్తే రోల్‌కీ అర్థం ఉండదు. రెండూ కలిపి ఆలోచించిన రచన ఇది.

నా గొడవ వేరే. ఇప్పుడు కొందరు కండక్టర్లు దీన్ని పరుగు పందెం చేసేశారు. ఎదురు దెబ్బ వినపడకపోతే మిగిలేది ఫిడేలు_పిచ్చి గారన్న చప్పుడే. వేగంగా వాయించొచ్చు, కాలప్రమాణం మాత్రం చెదరకూడదు.

పాత_రికార్డులు:
1992 వియన్నా న్యూ ఇయర్ కచేరీలో కండక్టర్ కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసింది వినండి. వేగానికి లోటు లేదు, అయినా గంతు పోలేదు.

ఇంకోటి. ఈ కుటుంబానికి చప్పుడు తప్ప ఏమీ రాదనుకోకండి. 1869లో యోహాన్, తమ్ముడు జోసెఫ్ కలిసి ‘పిజ్జికాటో పోల్కా’ రాశారు. అందులో తీగ వాయిద్యాలే, అవీ కమాను లేకుండా వేళ్లతో మీటాలి. అదే ఏడాది జోసెఫ్ ఒక్కడే రాసిన ‘ఫోయర్‌ఫెస్ట్’ (అగ్గికి చెక్కుచెదరనిది) పోల్కాలో కమ్మరి దాగలి మీద సుత్తి దెబ్బలు పెట్టాడు. వర్ట్‌హైమ్ కంపెనీ అగ్గికి చెక్కుచెదరని 20,000వ ఇనప్పెట్టె చేసిన సందర్భం అది. ఎక్కడ మోత కావాలో, ఎక్కడ వద్దో వాళ్లకి బాగా తెలుసు.

ఫిడేలు_పిచ్చి:
క్లైబర్ విన్నాను. బ్రహ్మాండం. కానీ ఆ గొప్పతనం క్లైబర్‌ది, స్ట్రాస్ ఖాతాలో వేయను.

గోదారి_గాలి:
మరి మీ వాల్ట్జులు బాగా వాయించినప్పుడు ఎవరి ఖాతాలో వేస్తున్నారు సార్?