బ్రిటన్ యూనివర్సిటీ గ్రాంటులో మన నేత సొసైటీ: డబ్బు మన దాకా ఎలా వస్తుంది?

అంచుపని_బరంపురం
మాది బరంపురంలో చిన్న నేత సొసైటీ. 1860 సొసైటీల చట్టం కింద రిజిస్టరై నాలుగేళ్లు, విదేశీ డబ్బు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. ఇళ్లల్లో మిగిలిన ఫొడా కుంభ (గుడి గోపురం లాంటి) అంచు గ్రాఫులు, జకార్డు అట్టలు (మగ్గానికి డిజైను చెప్పే చిల్లుల అట్టలు), తెలుగులో రాసిన పాత ఖాతా పుస్తకాలు స్కాన్ చేసి, నేత పెద్దల చేత వివరాలు చెప్పించి రాసుకోవాలన్నది పని. బ్రిటన్ యూనివర్సిటీ ఒకటి దీన్ని కలుపుకుని ఏహెచ్‌ఆర్‌సీకి (కళలు, మానవీయ శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి మండలి) దరఖాస్తు పెడుతోంది. డ్రాఫ్టులో మమ్మల్ని 'ప్రాజెక్ట్ పార్ట్‌నర్' అని రాశారు. స్కానరు, ఇద్దరు కుర్రాళ్ల జీతం, నేతవాళ్లకు రోజుకూలి కలిపి మా వైపు ఖర్చు ఏడాదికి 9 లక్షలు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక ఎన్జీవో డబ్బు తమ ఖాతాలో వేయించుకుని మాకు పంపిస్తామంటోంది. ఒప్పుకోవచ్చా?

పద్దులపంతులు
ఒప్పుకోవద్దండి. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ 7వ సెక్షన్ ప్రకారం విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. మీకు రిజిస్ట్రేషన్ ఉన్నా కుదరదు. వాళ్ల లైసెన్సుకూ ముప్పే.

పూర్తి రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ల ఉనికితో పాటు గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మీ ఆశయాల మీద 15 లక్షలు ఖర్చు చూపాలి. అంత లేకపోతే ముందస్తు అనుమతి, అంటే ఎఫ్‌సీ-3బి. ఇది ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని కట్టేసిన అనుమతి. అందుకని హామీ ఉత్తరం డబ్బు పంపే యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీదే ఉండాలి, మొత్తం అందులో రాయాలి, ప్రాజెక్టు రిపోర్టులోని అంకెతో అది సరిపోవాలి. తేడా వస్తే అక్కడే ఆగుతుంది.

చాలామంది చూసుకోని సంగతి ఇంకోటుంది. ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్ని గౌరవంగా మీ కార్యవర్గంలో వేసుకోకండి. మీ ముఖ్య బాధ్యుడు దాత సంస్థకు చెందినవాడై ఉండకూడదు, కార్యవర్గంలో కనీసం 75 శాతం మందికి ఆ సంస్థలో సభ్యత్వం గానీ ఉద్యోగం గానీ ఉండకూడదు.

డబ్బు దిగేది న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. బరంపురం బ్రాంచిలో వేయించుకుంటే ఉల్లంఘన. అక్కణ్ణించి మీ ఊరి ఖాతాకు మార్చుకోవచ్చు. అనుమతి దరఖాస్తు తేల్చడానికి చట్టం 90 రోజుల మాట చెబుతుంది గానీ 'సాధారణంగా' అనే పదం తగిలించింది. విచారణ పడితే సాగుతుంది. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పరిశోధన ప్రధానమైన సంస్థలో క్షేత్ర వివరాలు సేకరించేవాళ్ల జీతం ఆ 20లోకి రాదు. మీ నియమావళిలో పరిశోధన అనే మాట ఉందో లేదో ముందే చూసుకోండి.

గ్రాంటులబల్ల
పంతులు గారు చెప్పింది డబ్బు వచ్చాక సంగతి. అసలు వస్తుందా అన్నది ఆ డ్రాఫ్టులోనే తేలుతుంది. యూకేఆర్‌ఐ (ఏహెచ్‌ఆర్‌సీ దీని కిందిదే) లెక్కలో 'ప్రాజెక్ట్ పార్ట్‌నర్' అంటే తన సొంత వనరులు పెట్టేవాడు, గ్రాంటులో వాటా తీసుకునేవాడు కాదు. అలాగే ఉంచేస్తే మీ 9 లక్షలు మీ చందా కింద లెక్కేస్తారు! 'ప్రాజెక్ట్ కో-లీడ్ (ఇంటర్నేషనల్)' హోదాకి పేరున్న పరిశోధన సంస్థ కావాలి, చిన్న సొసైటీకి అది కష్టం. మీకు కుదిరే దారి ఒక భారతీయ యూనివర్సిటీ అధ్యాపకుణ్ణి ఆ కో-లీడ్‌గా పెట్టించి, మీ పనిని విడిగా పేరు పెట్టి ఖర్చు వరసలో చూపించడం.

యూనివర్సిటీ అయినంత మాత్రాన ఎఫ్‌సీఆర్‌ఏ మినహాయింపు రాదు. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకే ఆ మినహాయింపు. ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట చాలదు. ఆ దారిలో మీకొచ్చేది పనికి బిల్లు మీద చెల్లింపుగా ఉండాలి. గ్రాంటులో ముక్క కోసి ఇచ్చినట్టు ఉండకూడదు.

ఇంకో పరిమితి: విదేశీ కో-లీడ్‌ల అర్హ ఖర్చు నూటికి నూరూ ఇస్తారు గానీ అభివృద్ధి చెందిన దేశాలతో పాటు ఇండియా, చైనా వాటా అంతా కలిపి గ్రాంటు పూర్తి విలువలో 30 శాతం దాటకూడదు. ఇంకో దేశం కూడా ఉంటే మీ వాటా నలుగుతుంది. చెల్లింపు మామూలుగా మూడు నెలలకోసారి, ఖర్చయ్యాక. కూలి మాత్రం వారం వారం ఇవ్వాలి కదా. మొదటి విడత ముందుగా ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించండి. పౌండు రేటు పడితే నష్టం ఎవరిదో కూడా.

తాళపత్రం_పర్లాకిమిడి
కేవలం భద్రపరచడమే అయితే బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కూడా చూడండి, 2004 నుంచీ ఉంది. అసలు ప్రతులు దేశం దాటకూడదన్నది వాళ్ల నియమం. డిజిటల్ కాపీ ఇక్కడి సంస్థకూ చేరాలి. కానీ వాళ్లకు కావలసింది పాత సామగ్రి. జకార్డు అట్టలు కొత్తవైతే నెగ్గవు, ఖాతా పుస్తకాలు నెగ్గవచ్చు. అది కూడా విదేశీ డబ్బే, పంతులు గారి చట్టం దానికీ వర్తిస్తుంది.

అట్టలు విప్పే ముందు ఒక్కోదానికీ వరస నంబరు రాయండి. దారం తెగి వరస పోతే డిజైనే పోతుంది. గ్రాఫులు 300 డీపీఐ తక్కువ కాకుండా టిఫ్‌లో, ఫ్రేములో కలర్ కార్డు పెట్టి. ప్రతి గ్రాఫుకీ దాని గుడ్డ నమూనా ఫొటో జతచేయకపోతే పదేళ్ల తర్వాత ఏది ఏ అంచో ఎవరికీ తెలీదు. 75 ఏళ్లు దాటిన రాతప్రతి 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, 'స్కాన్‌కి లండన్ పంపుదాం' అంటే ససేమిరా అనండి.

అంచుపని_బరంపురం
థాంక్సండి. డిజైన్లు అందరికీ ఓపెన్‌గా పెట్టాలని యూనివర్సిటీ వాళ్లు అంటున్నారు. కాపాడుకోవడానికి బరంపురం పట్టుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, చాలదా?

గ్రాంటులబల్ల
చాలదు. జీఐ కాపాడేది పేరునే, గ్రాఫు బొమ్మని కాదు. పరిశోధన వ్యాసం సీసీ-బై (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) కింద తెరిచి పెట్టాలన్నది యూకేఆర్‌ఐ నిబంధన, అందులో వాడే మూడో పక్షం బొమ్మలకి వేరే లైసెన్సు పెట్టుకోవచ్చు. మీ గ్రాఫులు సొసైటీ సొత్తనీ, వాణిజ్య వాడకానికి రాతపూర్వక అనుమతి కావాలనీ ఒప్పందంలో ఒక్క పేరా వేయించండి. గ్రాంటు మంజూరయ్యాక అడిగితే వినరు, సంతకానికి ముందే అడగాలి.

తాళపత్రం_పర్లాకిమిడి
అద్దకాల జోలికి వెళ్తే ఇంకో అనుమతి. కోట్‌పాడ్ నేతలో వాడే ఆల్ వేరు లాంటి మొక్క సరుకు గానీ దాని అద్దకం మెళకువ గానీ విదేశీ పరిశోధకుడు తీసుకోవాలంటే 2002 జీవ వైవిధ్య చట్టం 3వ సెక్షన్ కింద చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య సంస్థ ఆమోదం కావాలి. మీది పట్టు గ్రాఫులే కాబట్టి ఆ భాగం డ్రాఫ్టులో రాకుండా చూసుకుంటే మంచిది.