ఆడియో ఇంటర్‌ఫేస్‌లో మిగిలిన 3, 4 ఔట్‌పుట్‌లను ఎలా వాడుకోవాలి?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం):
నా ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) నాలుగు లైన్ ఔట్‌పుట్‌లు ఉన్నాయి. 1, 2 మానిటర్ స్పీకర్లకు వెళ్తున్నాయి. పాడేవారికి శ్రుతి, క్లిక్ (తాళం చూపే టిక్‌టిక్ శబ్దం) ఎక్కువగానూ, నాకు అసలు మిక్స్ మాత్రమేనూ వినిపించేలా 3, 4ను వాడుకోవచ్చా? వాటిలో ఒకదానికి హెడ్‌ఫోన్‌ను నేరుగా కలిపితే శబ్దం పలచగా, వింతగా వస్తోంది.

జవాబు (గాజువాక):
తప్పకుండా వాడుకోవచ్చండి. లైన్ ఔట్‌పుట్ హెడ్‌ఫోన్‌ను నడపడానికి ఉద్దేశించినది కాదు. పైగా బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో (ఒకే సిగ్నల్‌ను ఒక తీగపై నేరుగా, మరో తీగపై తలకిందులుగా పంపేది) స్టీరియో హెడ్‌ఫోన్ పెడితే ఒకే ఛానెల్ రెండు చెవులకూ చేరి, ఒక చెవిలో ఫేజ్ తిరగబడుతుంది. 3, 4 నుంచి రెండు కేబుళ్లను హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు తీసుకెళ్లండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైతే, అవసరమైన ప్రతి ట్రాక్ రూటింగ్ విండోలో హార్డ్‌వేర్ ఔట్‌పుట్‌గా 3/4ను చేర్చి ప్రీ-ఫేడర్‌ను (వాల్యూమ్ మీట అయిన ఫేడర్ కంటే ముందే సిగ్నల్ తీసుకునేది) ఎంచుకుంటే, మీరు మిక్స్ ఫేడర్లను ఎంత కదిపినా పాడేవారికి వినిపించేది మారదు. క్లిక్‌ను 3/4కు మాత్రమే పంపండి.

జవాబు (సీతమ్మధార):
పై సలహా సరైనదే కానీ, పాడేవారి సొంత గొంతును సాఫ్ట్‌వేర్ గుండా తిప్పడం నాకు నచ్చదు. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) ఒక్క దిశలోనే సుమారు 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. రానుపోను కలిపితే 10 దాటుతుంది. ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన మిక్సర్ అప్లికేషన్ అనుమతిస్తే, మైకును అక్కడి నుంచే 3, 4కు పంపి, ఆ ట్రాక్‌లో రికార్డ్ మానిటరింగ్ (రికార్డవుతున్న శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ తిరిగి వినిపించడం) ఆపేయండి. ఆపకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. అన్నట్టు, మన ఊరి ఉప్పుగాలికి జాక్‌లు త్వరగా పాడవుతాయి, వాడనప్పుడు కప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ముందుగా హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కొంటాను.