పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో నడిచే డ్రైవ్) వేస్తే త్వరగా ఆన్ అవుతుందా?

మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంట్లో ఉన్న కంప్యూటర్ 2013లో కొన్నది. మూడో తరం ఐ3, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున స్విచ్ వేసి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా ఆ చుక్కలు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంటాయి. నిన్న ఫోన్‌లో టైమ్ చూశాను. డెస్క్‌టాప్ రావడానికి 4 నిమిషాలు! వచ్చాక కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటోంది, లోపల కరకరమని ఒకటే చప్పుడు. ర్యామ్ సగానికి కాస్త ఎక్కువే వాడుతోంది, నిండటం లేదు. అందుకే తప్పు డిస్క్‌దే అనుకుంటున్నా.

రిపేర్ షాపతను "ఇది తీసేసి కొత్తది కొనుక్కోండి సార్" అన్నాడు. నాన్నగారు కొనిచ్చింది, నాకు మనసొప్పడం లేదు.

240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ లాగే కేబుల్‌తో బోర్డుకి తగిలించేది) వేద్దామని ఉంది. బోర్డులో ఎం.2 స్లాట్ (చిన్న కార్డు లాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) లేదు, సాటా పోర్టులు కూడా 3 జీబీపీఎస్ (సెకనుకి 3 గిగాబిట్లు) వే. 6 జీబీపీఎస్ డ్రైవ్ పెట్టినా సగం వేగమే కదా, ఆన్ అయ్యేటప్పుడు ఆ తేడా తెలుస్తుందా? ఉన్న విండోస్‌నే క్లోన్ చేయాలా (ఉన్నదున్నట్టు కొత్త డ్రైవ్‌లోకి కాపీ), కొత్తగా ఎక్కించాలా? ఫొటోల కోసం పాత డిస్క్ కూడా ఉంచుకుంటా, దాని వల్ల మళ్లీ స్లో అవుతుందా? ఇలాంటి బోర్డు మీద చేసి చూసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.