మాంటెనెగ్రో తీరం: అమ్మానాన్నలతో వారం రోజులు, రెండే ఊళ్ళు. ఏవి?

మ్యూనిక్‌వాసి:
సెప్టెంబర్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళని తీసుకుని వారం రోజులు మాంటెనెగ్రో వెళ్దామని ఉంది. నాన్నకి సముద్రమంటే ప్రాణం, కానీ మోకాళ్ళు సహకరించవు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. రోజుకో హోటల్లో పెట్టెలు సర్దుకోవడం మావల్ల కాదు, అందుకే రెండు చోట్లకి మించి బస మార్చం. కారు తీసుకోను, బస్సులూ టాక్సీలే. మా ఆవిడ కోటోర్ అంటోంది. ఆఫీసులో సెర్బియా అతను బుద్వా అంటున్నాడు. ఇక్కడే ఒక పాత చర్చలో ఉల్ట్సీన్ చూడనివాళ్ళు ఆ తీరం చూడనట్టే అని ఎవరో రాశారు. ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు:
మీ ఆవిడ మాటే వినండి. కోటోర్ ఉన్నది మామూలు తీరం మీద కాదు, కొండల మధ్యకి మెలికలు తిరుగుతూ వచ్చిన ఖాతం కొసన. నీళ్ళ అంచు నుంచే కొండ నిటారుగా లేస్తుంది. ఊరి వెనక కోట గోడ ఆ కొండ మీదికి పాకుతూ పోతుంది. పైదాకా 1,350 మెట్లు. మీ నాన్నగారు ఎక్కక్కర్లేదు, కింద చౌకులో కూర్చుని చూసినా చాలు. సెయింట్ ట్రిఫన్ కెథడ్రల్ 1166 నాటిది. 1420 నుంచి 1797 దాకా ఊరు వెనిస్ ఏలుబడిలో ఉంది, ఆ ముద్ర ప్రతి గుమ్మం మీదా కనిపిస్తుంది.

ఒక్క షరతు. పాత ఊరి గోడల లోపల బస వద్దు. రాత్రి బార్ల మోత, పొద్దున్నే పెద్ద క్రూయిజ్ ఓడలు. పక్కనే దోబ్రోతాలో నీళ్ళ ఒడ్డున గది తీసుకోండి. ఊళ్ళోకి చదునైన దారిలో నడిచి రావచ్చు.

అక్కడి నుంచి పెరాస్ట్ అనే చిన్న ఊరు 12 కిలోమీటర్లే. పడవ ఎక్కితే ఐదు నిమిషాల్లో 'రాళ్ళ మీద మాత' దీవి. రాళ్ళు వేసి, రాళ్ళు నింపిన పాత ఓడలని ముంచి, మనుషులే కట్టుకున్న దీవి అది. ఇప్పటికీ ఏటా జూలై 22న పడవల్లో రాళ్ళు తెచ్చి చుట్టూ వేస్తారు. చర్చి పక్క మ్యూజియంలో ఒక బట్ట మీద కుట్టుపని ఉంది, అమ్మగారికి తప్పకుండా చూపించండి. ఓడెక్కి వెళ్ళిన భర్త కోసం ఎదురుచూస్తూ ఒకావిడ పాతికేళ్ళు కుట్టిందట. దేవదూతల జుట్టుకి తన వెంట్రుకలే వాడింది. వయసు పెరిగేకొద్దీ ఆ వెంట్రుకలు నెరిసిన తీరు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆ బట్ట ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

భీమిలి_కెరటం:
గోదారిగట్టు గారూ, ఒక్క విషయం వదిలేశారు. ఈయన నాన్నగారికి ఇష్టం సముద్రం. కోటోర్‌లో ఉన్నది సముద్రపు నీళ్ళే గానీ, అలలు లేవు, చెప్పుకోదగ్గ బీచ్ లేదు. సెప్టెంబర్‌లో ఎండ కొండ చాటుకి త్వరగా పోతుంది. అంత దూరం వెళ్ళి రోజంతా కొండలే చూస్తారా?

బుద్వాలో ఉండమనండి. పాత ఊరి పక్కన కొండ అంచునే వేసిన కాలిబాటలో పది నిమిషాలు నడిస్తే మోగ్రెన్ బీచ్. అన్ని వైపులకీ బస్సులు. కోటోర్ 22 కిలోమీటర్లు, ఒక పూట వెళ్ళి రావచ్చు. స్వేతీ స్తెఫాన్ అనే దీవి కూడా దగ్గరే. ఆ దీవి హోటల్‌ది, మామూలు సందర్శకులని లోపలికి పోనివ్వరు. దాన్ని చూడాల్సింది పైన రోడ్డు మీద నుంచి.

గోదారిగట్టు:
బుద్వా చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ టవర్ల సంగతి కూడా చెప్పండి మరి. పాత ఊరు అరచేతంత. అదీ 1979 భూకంపం తర్వాత మళ్ళీ కట్టిందే.

భీమిలి_కెరటం:
టవర్ల మాట ఒప్పుకుంటాను, ఆ ఊరిని అలా పాడుచేశారని నాకూ బాధే. భూకంపం మాట మాత్రం ఒప్పుకోను. 1979 ఏప్రిల్ 15న దెబ్బతిన్నది బుద్వా ఒక్కటే కాదు. మీ కోటోర్ కూడా ఆ ఏడాదే యునెస్కో జాబితాలోకి వచ్చి, వెంటనే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకి ఎక్కింది. 2003లో గానీ బయటపడలేదు. రెండు ఊళ్ళనీ జనం ఓపిగ్గా రాయి రాయి పేర్చి నిలబెట్టుకున్నారు. అది ఒకదానికి గొప్ప, ఇంకోదానికి లోటు ఎలా అవుతుంది?

ఉప్పుమడి:
ఆ పాత చర్చలో ఉల్ట్సీన్ గురించి రాసింది నేనే. ఇప్పుడూ అదే అంటాను.

మీరిద్దరూ వెనిస్ రాళ్ళ దగ్గరే ఆగిపోయారు. దక్షిణానికి వస్తే దేశం మారినట్టే ఉంటుంది. ఉల్ట్సీన్‌లో ఎక్కువమంది అల్బేనియన్లు. 1571 నుంచి మూడు వందల ఏళ్ళు ఒట్టోమాన్ తుర్కులు ఏలిన ఊరు. మసీదులూ, చర్చీలూ, రెండు భాషల బోర్డులూ. ఊరు దాటాక వెలికా ప్లాజా, సుమారు 12 కిలోమీటర్ల ఇసుక తీరం. గులకరాళ్ళు కావు, నల్లటి మెత్తటి ఇసుక. మన సూర్యలంకలో లాగే చాలా దూరం లోతు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన నడుము లోతు నీళ్ళలో నిశ్చింతగా నిలబడాలంటే ఆ తీరం మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఉత్తరాన చాలాచోట్ల కాలు పెడితే గులకరాళ్ళే గుచ్చుకుంటాయి.

పక్కనే పాత ఉప్పుమడులు. ఉప్పు తీయడం 2013లో ఆగిపోయింది. పక్షులు మాత్రం వదిలిపెట్టలేదు, రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా వస్తాయి. ఆ నేలని రిసార్టులకి ఇవ్వకుండా అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2019లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మనం వెళ్ళి గట్టు మీద నడిస్తే ఆ పోరాటానికి ఎంతోకొంత విలువ ఇచ్చినట్టు. క్రూయిజ్ దిగిన జనంతో కిక్కిరిసిన సందులో ఫొటో దిగితే ఎవరికి లాభం?

గోదారిగట్టు:
ఉప్పుమడి గారూ, ఆ పక్షుల మీద మీ ప్రేమ అర్థమైంది. కానీ కోటోర్ నుంచి ఉల్ట్సీన్ 90 కిలోమీటర్లు ఉంటుంది. మ్యాప్‌లో జానెడు, బస్సులో రెండు గంటలు దాటుతుంది. ఉల్ట్సీన్ పాత ఊరు కొండ మీద, రాళ్ళ బాటలు. బీచ్‌కి ఊళ్ళోంచి మళ్ళీ టాక్సీ. పెద్దవాళ్ళకి అదంతా అవసరమా?

ఉప్పుమడి:
పాత ఊళ్ళో ఉండమని నేను అనలేదు, వెలికా ప్లాజా వైపే గది తీసుకోమంటున్నాను. రెండు బసలన్నారు కాబట్టి ఒకటి ఖాతంలో, ఒకటి దక్షిణాన. మధ్యలో ఒకే ఒక ప్రయాణం. అదే రోజు స్తారి బార్ దగ్గర ఆగండి. 1878లో ఒట్టోమాన్లతో జరిగిన యుద్ధంలో దెబ్బతిని జనం వదిలేసిన రాతి ఊరది. దగ్గర్లోనే మిరోవిత్సాలో రెండు వేల ఏళ్ళు దాటిన ఆలివ్ చెట్టు ఉంది. బుద్వా బస్సు కిటికీలోంచి కనిపిస్తుంది, అంతవరకు చాలు.

భీమిలి_కెరటం:
ఆ చివరి వాక్యం తప్ప మిగతాది ఒప్పుకుంటాను.

కారప్పొడి:
అమ్మగారి తిండి గురించి ఎవరూ రాయలేదు. ఖాతంలో మెనూ అంతా చేపలు, కటిల్‌ఫిష్ సిరాతో వండే నల్ల రిసోట్టో అన్నం, న్యేగుషీ అనే ఊరి పంది మాంసం. శాకాహారులకి దొరికేవి: బంగాళాదుంపలతో కలిపి వండిన బ్లిట్వా అనే ఆకుకూర, చీజ్ తురిమిన షోప్‌స్కా సలాడ్, బేకరీల్లో చీజ్ కూరిన బురెక్ అనే పొరల రొట్టె. పిండిలో గుడ్డు ఉందేమో ప్రతి చోటా అడగాలి. అందుకే హోటల్ వద్దు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పొద్దున బజారులో టమాటాలు, వంకాయలు, మిరపకాయలు కొనుక్కుని, పోపు సామాను మ్యూనిక్ నుంచి పట్టుకెళ్ళండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మ్యూనిక్‌వాసి:
అందరికీ ధన్యవాదాలు. దోబ్రోతాలో కొన్ని రాత్రులు, వెలికా ప్లాజా దగ్గర కొన్ని. మా ఆవిడా సరే అంది. బుద్వా గారికి క్షమాపణలు. అమ్మానాన్నల షెంగెన్ వీసా (జర్మనీతో సహా యూరప్‌లో చాలా దేశాలకి ఒకటే వీసా) ఇంకా అప్లై చేయలేదు, మాంటెనెగ్రోకి వేరే వీసా కావాలా?

కారప్పొడి:
చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా ఉంటే 30 రోజుల వరకు వేరే వీసా లేకుండా రానిస్తున్నారు. టికెట్ కొనేముందు ఎంబసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి, నిబంధనలు మారుతుంటాయి. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో. మాంటెనెగ్రోలో యూరోలే వాడతారు గానీ అది షెంగెన్‌లో లేదు. అమ్మానాన్నలకి సింగిల్ ఎంట్రీ వీసా వస్తే మళ్ళీ మ్యూనిక్‌లోకి రానివ్వరు. డుబ్రొవ్నిక్‌లో దిగి రోడ్డు మీద సరిహద్దు దాటినా ఇదే లెక్క, క్రొయేషియా 2023 నుంచి షెంగెన్‌లోనే ఉంది. అప్లికేషన్‌లో మల్టిపుల్ ఎంట్రీ అడగండి, మాంటెనెగ్రో బుకింగ్ కాగితాలు కూడా జత చేయండి. వీసా చేతికొచ్చాక దాని మీద ఎన్ని ఎంట్రీలు వేశారో చూసుకుని అప్పుడు ఫ్లైట్ టికెట్లు కొనండి.