పార్లమెంటు పిటిషన్ రిజెక్ట్ చేశారు, ఎందుకో అంతుపట్టట్లేదు

నిద్రలేని_వాసు: రాత్రి నుంచి దీంతోనే కుస్తీ. యూకే పార్లమెంటు సైట్‌లో పిటిషన్ పెట్టాను. ముందు ఐదుగురు సపోర్ట్ చేయాలంటే రూమ్మేట్లని, ఆఫీసు వాళ్లని బతిమాలి చేయించాను. ఇన్ని రోజులు ఆగితే రిజెక్ట్ అని మెయిల్! నాలుగు రకాలుగా మార్చి రాశాను కానీ మళ్లీ పంపే ధైర్యం లేదు. నాది ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెస్టర్_బాబాయ్: పాస్‌పోర్టుతో పని లేదు నాయనా, యూకేలో ఉండేవాళ్లెవరైనా పెట్టొచ్చు. అది సరే, ఓటరుగా నమోదయ్యావా? మనవాళ్లు చాలామందికి తెలియదు. మనం కామన్వెల్త్ పౌరులం. సరైన వీసా మీద ఉంటే ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటుంది. బ్రిటిష్ పౌరసత్వం తీసుకోని జర్మనీవాడికి ఆ హక్కు లేదు. ఫారం ఆన్‌లైన్‌లోనే. ఎవరికి చెప్పినా రేపు చూద్దాం అంటారు.

మితభాషి: రిజెక్ట్ కారణం మెయిల్‌లోనే ఉంటుంది. ఏం రాశారు?

పదకోశం: పిటిషన్ అంటే కోర్టులో వేసేది. దీన్ని వినతిపత్రం అనాలి.

సుధ_స్లౌ: మా ఊళ్లో సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చేదాన్ని అర్జీ అంటాం. తమాషా ఏంటంటే పార్లమెంటు భవనంలోని వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ఈ పిటిషన్ల మీద చర్చలు కూడా మామూలుగా సోమవారాలే.

పదకోశం: అర్జీ సొంత కష్టం చెప్పుకునేది. ఇది విధానం మార్చమని అడిగేది. రెండూ ఒకటెలా అవుతాయండీ?

నిద్రలేని_వాసు: అయ్యా, పేరు ఏదైతేనేం. "యూకే ప్రభుత్వ బాధ్యత కాదు" అని ఏదో ఉంది. ఇక్కడ డెంటిస్ట్ దొరకట్లేదు, ఎక్కడికి ఫోన్ చేసినా కొత్త పేషెంట్లని తీసుకోం అంటున్నారు. దాని మీదే పెట్టాను. ఇది ప్రభుత్వం పని కాకపోతే ఎవరిది?

మితభాషి: ఏ ఊరు?

నిద్రలేని_వాసు: గ్లాస్గో. ఎందుకు?

మితభాషి: అందుకే. స్కాట్లండ్‌లో ఆరోగ్యం ఎడిన్‌బరాలోని స్కాటిష్ ప్రభుత్వం చేతిలో ఉంది, లండన్ చేతిలో లేదు.

నిద్రలేని_వాసు: 😶

క్లైడ్_గట్టు: వాసు గారూ, స్కాటిష్ పార్లమెంటుకి వేరే పిటిషన్ సైట్ ఉంది. లండన్ సైట్‌లో సంతకాలు 10,000 దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. ఇక్కడ ఆ లెక్కలు లేవు, ఒక్క సంతకమున్నా కమిటీ చూస్తుంది. కాకపోతే అంతకుముందే ఇంకో దారిలో ప్రయత్నించి ఉండాలి. అంటే మీ ఎంఎస్‌పీకి (స్కాటిష్ పార్లమెంటు సభ్యుడికి) రాయడం లాంటిది. ప్రతినిధులకు ఉత్తరాలు పంపే రైట్‌టుదెమ్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టండి. నియోజకవర్గానికి ఒకరు, రీజియన్‌కి ఏడుగురు, మొత్తం ఎనిమిది మంది ఎంఎస్‌పీలు మీకున్నారు. ఇంటి అడ్రస్ పూర్తిగా రాయండి, తమ ప్రాంతం వాళ్లకే వాళ్లు పని చేసిపెడతారు. ఒకే ఉత్తరాన్ని పదిమందితో కాపీ కొట్టించి పంపొద్దు, సైట్ ఆపేస్తుంది. మీ గొడవ మీ మాటల్లోనే రాయండి.

లెస్టర్_బాబాయ్: గ్లాస్గోనా! స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటు. ముందు నమోదు చేసుకో.

సుధ_స్లౌ: బాబాయ్, ఆ అబ్బాయికి పన్ను నొప్పి.

నిరాశావాది: ఏం రాసినా దండగే. 2019లో ఆర్టికల్ 50ని, అంటే ఈయూ నుంచి బయటికెళ్తామని ఇచ్చిన నోటీసుని, రద్దు చేయమని 60 లక్షల పైచిలుకు సంతకాలు పెట్టారు. బ్రెగ్జిట్ ఆగిందా?

క్లైడ్_గట్టు: 2007లో రోడ్డు చార్జీలు వద్దని ప్రధాని ఆఫీసు సైట్‌లో దాదాపు 18 లక్షల సంతకాలు పడ్డాయి. దేశమంతటా ఆ చార్జీ రాలేదుగా.

నిరాశావాది: సంతకాల వల్లే రాలేదని ఎవరు చెప్పారు?

పదకోశం: సంతకం కాదు, మీట నొక్కడం.

నిద్రలేని_వాసు: ఎంఎస్‌పీకి రాశాను. థాంక్స్ అందరికీ. మళ్లీ ఐదుగురిని అడగమంటే మాత్రం నా వల్ల కాదు, రూమ్మేట్లు ఇప్పటికే మొహం చాటేస్తున్నారు.

లెస్టర్_బాబాయ్: ఓటు ఫారం లింక్ ఇన్‌బాక్స్‌లో పెట్టాను, చూడు.