క్రియాటినిన్ 2.3 ఉన్న మనిషికి గుండెపోటు వస్తే యాంజియోగ్రామ్ చేయించడం తప్పా?

ఉద్దానం బిడ్డ: మా నాన్నకి 64 ఏళ్లు, నాలుగేళ్లుగా కిడ్నీ సమస్య, క్రియాటినిన్ (కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పెరిగేది) 2.3, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత శక్తి, తగ్గేకొద్దీ చెడు) 31. పోయిన నెల తెల్లారుజామున గుండెపోటు వస్తే విశాఖ తీసుకెళ్లి యాంజియో (గుండె రక్తనాళాల్లోకి డై అనే మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేయించి ఒక స్టెంట్ వేయించాం. మూడోరోజుకి క్రియాటినిన్ 3.1 అయింది, ఇప్పుడు 2.5. బతికారు కదా అని నేనంటాను, "డై ఎక్కించి ఉన్న కిడ్నీలు కూడా పోగొట్టావు" అని మా బాబాయ్ ఇప్పటికీ సాధిస్తున్నాడు. ఎవరిది రైటు?

గోదారి మామ: మీ బాబాయ్‌దే. మా అన్నయ్యకి 2.8 ఉంటే ఇలాగే చేయించాం, ఆరు నెలల్లో డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లేది నేను, డాక్టరు కాదు.

క్యాత్‌ల్యాబ్ కుర్రాడు: మామగారూ, బాధ అర్థమైంది. కానీ తప్పంతా డైదేనా? గుండెపోటులో బీపీ పడిపోయి పంపింగ్ తగ్గితే కిడ్నీకి రక్తమే సరిగా అందదు, క్రియాటినిన్ దానికీ పెరుగుతుంది. డై వల్ల పెరిగింది మూడు నుంచి ఐదు రోజుల్లో పైకెళ్లి, చాలామందిలో పది రోజుల్లోపు దిగుతుంది. గుండెపోటుతో పాటు గుండె బలహీనపడ్డ 14,527 మందిని చూసిన వాలియంట్ అనే అధ్యయనం లెక్క 2004లో వచ్చింది. మూడేళ్లలో చనిపోయినవాళ్లు ఈజీఎఫ్ఆర్ 75 పైన ఉన్నవాళ్లలో 14 శాతం, 45 లోపు వాళ్లలో 45 శాతం. ఇంత ప్రమాదం ఉన్నవాళ్లకే భయపడి వైద్యం తగ్గించేస్తాం.

గోదారి మామ: ఆ లెక్క కిడ్నీ చెడితే ప్రమాదమని చెప్తుంది గానీ స్టెంట్ వేస్తే బతుకుతారని ఎక్కడ చెప్పింది? 2020లో ఇస్కీమియా-సీకేడీ అని 777 మంది మీద చేశారు, యాంజియో చేసినా, మందులతో సరిపెట్టినా తేడా రాలేదు. అదీ చదువు.

క్యాత్‌ల్యాబ్ కుర్రాడు: మొదటి మాట ఒప్పుకుంటా, న్యాయంగానే పట్టుకున్నారు. రెండోది మాత్రం వేరే కథ. అందులో ఉన్నది నిలకడగా ఉన్న గుండె జబ్బువాళ్లు, అప్పటికప్పుడు గుండెపోటుతో వచ్చినవాళ్లు కాదు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి కండ చచ్చిపోతుంటే క్రియాటినిన్ రిపోర్టు కోసం కూడా ఆగకూడదు. డై ఎంత తక్కువతో కానిస్తారని, సెలైన్ పెడతారా అని అడగండి, అది మీ హక్కు. డై నుంచి కిడ్నీని కాపాడతాయని ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్ బిళ్లల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, సుమారు 5,000 మందిలో చూస్తే పనిచేయలేదని 2018లోనే తేలింది.

రేణుక అక్క: మీరిద్దరూ డై దగ్గరే ఆగిపోయారు. ఇంటికెళ్లాక ఏం మింగుతున్నారో ఎవరన్నా చూశారా? కిడ్నీ మనిషికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు విషంతో సమానం. తమ్ముడూ, నాన్నగారి మందుల డబ్బా ఒకసారి బోర్లించు.

ఉద్దానం బిడ్డ: అక్కా, డబ్బాలో ఏం లేదు. చొక్కా జేబులో దొరికింది, పది బిళ్లల అట్టలో ఆరు ఖాళీ. మోకాళ్ల నొప్పికి బాబాయే తెచ్చిచ్చాడట.